చిట్టా వేరు, నాణెం వేరు
బ్లాక్‌చెయిన్‌పై పెద్ద కంపెనీల ఆసక్తి - క్రిప్టో ధరలకు దాని ఊతమెంత?

విశాఖపట్నం: పెద్ద కంప్యూటర్ కంపెనీ ఏదైనా బ్లాక్‌చెయిన్ పద్ధతిలోకి దిగుతున్నదని వార్త రావడం, ఆ వెంటనే బిట్‌కాయిన్ వగైరా క్రిప్టో నాణేల బజారులో తేజీ కనిపించడం గత కొన్ని సంవత్సరాలలో పలుమార్లు జరిగినది. ఇనుము, బొగ్గు, రొయ్యలు, మిర్చి వంటి సరుకులతో పని ఉన్న విశాఖ వర్తకులకు ఇటువంటి వార్తలు రెండు వైపుల నుంచి తగులుతున్నాయి. చేతిలో మిగిలిన సొమ్ము ఆ నాణేలలో పెట్టవచ్చునా అన్నది ఒక ప్రశ్న. అదే పద్ధతి రేవు కాగితాల పనిలోకి వస్తే దళారులు, క్లియరింగ్ ఏజంట్లు, కమీషన్ వర్తకుల గతి ఏమిటన్నది రెండవ ప్రశ్న. ఈ రెండింటికీ జవాబులు వేరువేరు. రెండింటినీ ఒకటిగా భావించి కొనుగోళ్లకు దిగినవారు నష్టపోయిన సందర్భాలు తక్కువేమీ కాదు.

చిట్టా ఆవర్జాలతో పోలిక

బ్లాక్‌చెయిన్ అంటే లెక్కలు వ్రాసే ఒక పద్ధతి మాత్రమే. వర్తకుని చిట్టాలో ప్రతి పుట చివర మొత్తం తేల్చి, ఆ మొత్తాన్ని మరుసటి పుట మొదట వేసుకోవడం మామూలు. వెనుకటి పుటలో ఒక్క అంకె దిద్దినా ఆ తరువాతి పుటలన్నీ తప్పుతాయి. బ్లాక్‌చెయిన్‌లో జరిగేది కూడా ఇదే. కొన్ని పద్దులను ఒక పుటగా కట్టి, ఆ పుటలోని అక్షరం అక్షరాన్ని లెక్కలోకి తీసుకుని కంప్యూటర్ ఒక ముద్ర వేస్తుంది. తరువాతి పుటలో ఆ ముద్ర కూడా చేరుతుంది. ఈ చిట్టా ఒక్క గుమాస్తా దగ్గర ఉండదు. ఏకకాలంలో అనేకుల దగ్గర నకళ్లు ఉంటాయి. ఒకరు తమ నకలు దిద్దుకున్నా మిగిలినవారి నకళ్లతో అది సరిపోదు గనుక మోసం వెంటనే తెలిసిపోతుంది.

ఈ చిట్టాలు రెండు రకాలు. మొదటిది ఎవరైనా చేరదగిన బహిరంగ చిట్టా. 2009 జనవరిలో మొదలైన బిట్‌కాయిన్ ఇటువంటిది. ముక్కు మొహం తెలియనివారు కోట్ల రూపాయల విద్యుత్తు ఖర్చు చేసి ఆ చిట్టా వ్రాయాలంటే వారికి ప్రతిఫలం ఉండాలి. ఆ ప్రతిఫలమే నాణెం. పుటకు 50 నాణేలుగా మొదలైన ఈ కూలి దాదాపు నాలుగేళ్లకు ఒకసారి సగమవుతూ 2024 ఏప్రిల్‌లో 3.125 నాణేలకు దిగినది. మొత్తం నాణేలు 2.1 కోట్లకు మించకుండా ఏర్పాటు ఉన్నది.

రెండవది సభ్యుల చిట్టా. ఇందులో వ్రాసేవారందరూ ఒకరినొకరు ఎరిగిన కంపెనీలు, బ్యాంకులు, ఓడల సంస్థలు. ఖర్చు చందాల రూపంలో పంచుకుంటారు. ఇక్కడ ఎవరికీ నాణెం ఇవ్వవలసిన పనిలేదు. లీనక్స్ ఫౌండేషన్ 2015 డిసెంబర్‌లో ప్రారంభించిన హైపర్‌లెడ్జర్ పథకం ఈ రెండవ రకానికి చెందినది. ఐబిఎం కంపెనీ తన వ్యాపారాన్ని దానిమీదనే నిర్మించుకున్నది.

ధరల విషయంలో కీలకమంతా ఇక్కడనే ఉన్నది. పెద్ద కంపెనీ సభ్యుల చిట్టాను వాడితే నాణేనికి కొత్త గిరాకీ ఒక్క రూపాయి కూడా పుట్టదు.

విశాఖ అనుభవం

విశాఖలో ఈ మాట 2016 నుంచే వినిపించినది. ఆ సంవత్సరం డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఫిన్‌టెక్ వ్యాలీ వైజాగ్ పథకాన్ని ఆరంభించింది. 2017 అక్టోబర్‌లో ఇక్కడనే బ్లాక్‌చెయిన్ వ్యాపార సదస్సు జరిగింది. భూమి రికార్డులను ఈ పద్ధతిలో భద్రపరచేందుకు స్వీడన్‌కు చెందిన క్రోమావే సంస్థతో కలిసి ప్రయోగాలు చేపట్టారు. ఆ సదస్సు రోజుల్లో బిట్‌కాయిన్ ఒక్కటి సుమారు 5 వేల డాలర్లు. డిసెంబర్ మధ్యనాటికి 20 వేల డాలర్ల దరిదాపులకు ఎగబాకి, మరుసటి డిసెంబర్‌కు సుమారు 3,200 డాలర్లకు పడిపోయింది. భూమి రికార్డులకు గాని, విశాఖ సదస్సుకు గాని ఈ ఎగుడు దిగుడులతో సంబంధం లేదు. కానీ బ్లాక్‌చెయిన్ పేరు మారుమ్రోగిన సమయంలో నాణెం కొన్నవారికి ఆ తేడా అప్పట్లో స్ఫురించలేదు.

ఆ రెండేళ్లలోనే కేంద్ర ప్రభుత్వ వైఖరి కూడా స్పష్టమైనది. క్రిప్టో నాణేలను చెల్లుబాటు ద్రవ్యంగా గుర్తించబోమని, చెల్లింపులలో వాటి వాడకాన్ని అరికడతామని, బ్లాక్‌చెయిన్ పద్ధతిని మాత్రం పరిశీలిస్తామని 2018 ఫిబ్రవరి బడ్జెటు ప్రసంగంలో ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ప్రకటించారు. చిట్టాకు అవుననడం, నాణేనికి కాదనడం ఒకే ప్రసంగంలో జరిగినవి.

రొయ్యల సరుకులో ప్రయోగం

సరుకుల వర్తకానికి దగ్గరగా వచ్చిన ఉదాహరణ రొయ్యలది. ఆంధ్రప్రదేశ్ చెరువుల నుంచి అమెరికా దుకాణం వరకు రొయ్యల ప్రయాణాన్ని బ్లాక్‌చెయిన్‌పై నమోదు చేసే ప్రయోగాన్ని వాల్‌మార్ట్ 2019 అక్టోబర్‌లో ప్రకటించింది. ఐబిఎం వారి ఫుడ్ ట్రస్ట్ చిట్టాలో ఈ రాష్ట్రపు ఎగుమతి సంస్థ సంధ్యా ఆక్వా చేరింది. వాల్‌మార్ట్‌కు చెందిన శామ్స్ క్లబ్ దుకాణాలు సరుకు అందుకునే కొస అయినవి.

యాంటీబయాటిక్ మందుల అవశేషాలు కనిపిస్తే విదేశీ రేవులలో కంటెయినర్ మొత్తం తిరస్కరణకు గురికావడం రొయ్యల ఎగుమతిదారులకు తెలిసిన బాధే. ఏ చెరువు సరుకు ఏ పెట్టెలో ఉన్నదో వెంటనే చెప్పగలిగితే మిగిలిన సరుకు బయటపడుతుంది. ప్రయోగంలోని లాభం అది. ఇందులో రైతుకు గాని, శుద్ధి కర్మాగారానికి గాని, కొనుగోలుదారుకు గాని నాణెంతో పని పడలేదు. సొమ్ము మామూలు పద్ధతిలో డాలర్లలోనే నడిచింది.

చిట్టా ఎంత పకడ్బందీగా ఉన్నా బజారు పరిస్థితులను అది మార్చలేదు. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినపుడు రొయ్యల వర్తకం దెబ్బతిన్నది. చెరువు నంబరుతో సహా వివరాలున్న సరుకుకు, లేని సరుకుకు సుంకం ఒక్కటే.

మిర్చి, పసుపు విషయంలో కూడా ఇటువంటి పథకం ఉన్నది. స్పైసెస్ బోర్డు, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ 2021లో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని జిల్లాల మిర్చి, పసుపు రైతుల సరుకు పూర్వాపరాలను నమోదు చేసే ఏర్పాటు తలపెట్టారు. అంతకుముందు 2019 మార్చిలో కాఫీ బోర్డు ఇదే పద్ధతిపై కాఫీ అమ్మకాల బజారును ప్రయోగాత్మకంగా ఆరంభించింది. వీటిలో దేనికీ క్రిప్టో ధరలతో లంకె లేదు.

రేవు కాగితాలు: ట్రేడ్‌లెన్స్ కథ

ఓడల రంగంలో ఈ పద్ధతికి పెద్ద పరీక్ష ట్రేడ్‌లెన్స్. మెర్స్క్ ఓడల కంపెనీ, ఐబిఎం కలిసి 2018లో దీనిని తెచ్చాయి. బిల్ ఆఫ్ లేడింగ్, కస్టమ్స్ పత్రాలు, కంటెయినర్ కదలికలు అన్నీ ఒకే చిట్టాలో చూపడం దీని ఉద్దేశం. 2019లో ఎం.ఎస్.సి., సి.ఎం.ఎ. సి.జి.ఎం. వంటి పోటీ ఓడల సంస్థలు కూడా చేరాయి. విశాఖ కంటెయినర్ టెర్మినల్‌ను నడిపే జె.ఎం. బక్సి బృందం 2021లో దీనితో చేయి కలిపింది.

ఇంతమంది చేరినా పథకం నిలబడలేదు. 2022 నవంబర్ 29న ట్రేడ్‌లెన్స్‌ను మూసివేస్తున్నట్లు ప్రకటన వెలువడింది. 2023 మొదటి మూడు నెలల్లో అది ఆగిపోయింది. ప్రపంచ వ్యాప్తంగా ఈ రంగమంతా పూర్తిగా సహకరిస్తే తప్ప వ్యాపారపరంగా గిట్టుబాటు కాదని, ఆ సహకారం సమకూడలేదని మెర్స్క్ వివరించింది. తమ ఖాతాల వివరాలు పోటీదారుడు స్థాపించిన చిట్టాలో వ్రాయడానికి ఏ వర్తకుడైనా వెనుకాడటం సహజం.

బ్యాంకుల వైపు కూడా అంతే. 2018 నవంబర్‌లో రిలయన్స్ నుంచి అమెరికాలోని ట్రైకాన్ కంపెనీకి వెళ్లిన సరుకుపై హెచ్.ఎస్.బి.సి., ఐ.ఎన్.జి. బ్యాంకులు లెటర్ ఆఫ్ క్రెడిట్ పనిని బ్లాక్‌చెయిన్‌పై ముగించాయి. వారం పది రోజులు పట్టే కాగితాల మార్పిడి ఒక్క రోజులోపు అయినదని అప్పట్లో తెలిపారు. 2020లో ఆస్ట్రేలియా గనుల సంస్థలు బి.హెచ్.పి., రియో టింటో చైనాలోని బావోవు ఉక్కు సంస్థకు ముడి ఇనుము అమ్మకాలలో ఇటువంటి చిట్టాలు వాడాయి. ప్రయోగాలు ఫలించాయి. కానీ వాటి కోసం వెలసిన సంస్థలు ఒకటొకటిగా మూతపడ్డాయి. వి.ట్రేడ్ 2022లో, మార్కోపోలో, కాంటూర్ 2023లో ఆగాయి. మైక్రోసాఫ్ట్ తన అజూర్ బ్లాక్‌చెయిన్ సేవను 2021 సెప్టెంబర్‌లోనే ఉపసంహరించింది.

గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ట్రేడ్‌లెన్స్ మూసివేత ప్రకటన వెలువడిన నెలలోనే బిట్‌కాయిన్ 16 వేల డాలర్ల దిగువకు జారింది. కారణం ట్రేడ్‌లెన్స్ కాదు. ఎఫ్.టి.ఎక్స్. అనే నాణేల ఎక్స్‌చేంజి దివాలా తీయడం. ఆ తరువాత ఓడల చిట్టాలు, బ్యాంకుల చిట్టాలు ఆగిపోతున్న కాలంలోనే నాణెం ధర తిరిగి పుంజుకుని 2024 డిసెంబర్‌లో 1 లక్ష డాలర్లు దాటింది. పెద్ద కంపెనీల చిట్టాల బాగోగులు ఒక దారి, నాణెం ధర ఒక దారి అని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

వార్తకు లేచిన తేజీలు

అయితే వార్తల ప్రభావం అసలు లేదనడం కూడా సరికాదు. 2017 ఆరంభంలో మైక్రోసాఫ్ట్, ఇంటెల్, జె.పి. మోర్గన్ తదితర సంస్థలు ఎథీరియం వాడకం కోసం కూటమి కట్టినపుడు, 20 డాలర్లలోపు ఉన్న ఈథర్ నాణెం కొద్ది వారాలలో 50 డాలర్ల దాకా వెళ్లింది. 2018 జనవరిలో 1,400 డాలర్ల వరకు పెరిగి, అదే ఏడాది డిసెంబర్‌లో 100 డాలర్ల లోపుకు వచ్చింది. కూటమిలోని జె.పి. మోర్గన్ తయారుచేసుకున్నది ఎథీరియం నమూనాపై సొంత సభ్యుల చిట్టా. దానిలో పనికి బజారులోని ఈథర్ కొనవలసిన అవసరమే లేదు.

2019 జూన్ 18న ఫేస్‌బుక్ లిబ్రా నాణేన్ని ప్రకటించింది. 9 వేల డాలర్లకు అటూ ఇటూగా ఉన్న బిట్‌కాయిన్ పది రోజులు తిరగకుండా 13 వేలు దాటింది. అమెరికా శాసనసభ్యులు, పలు దేశాల రిజర్వు బ్యాంకులు అభ్యంతరాలు లేవనెత్తాయి. అక్టోబర్‌లో పేపాల్, వీసా, మాస్టర్‌కార్డ్ తప్పుకున్నాయి. అప్పటికే బిట్‌కాయిన్ 8 వేల స్థాయికి నీరసించింది. లిబ్రా పేరు 2020 డిసెంబర్‌లో డీమ్‌గా మారింది. నాణెం విడుదల కాకుండానే 2022 జనవరిలో దాని ఆస్తులు సిల్వర్‌గేట్ బ్యాంకు పరమయ్యాయి. 2023 మార్చిలో ఆ బ్యాంకు కూడా మూసివేత ప్రకటించింది.

అదే 2019 అక్టోబర్ చివర చైనా అధ్యక్షుడు జిన్‌పింగ్ బ్లాక్‌చెయిన్‌ను ప్రోత్సహించాలని చెప్పినపుడు 7,500 డాలర్ల లోపు ఉన్న బిట్‌కాయిన్ ఒక్క రోజులో 10 వేలు తాకింది. నెల తిరిగేసరికి ఆ పెరుగుదల మొత్తం హరించింది. 2021 సెప్టెంబర్‌లో చైనా క్రిప్టో లావాదేవీలన్నింటినీ నిషేధించింది. చిట్టాను పొగిడిన ప్రభుత్వమే నాణేన్ని వెలివేసింది.

నిజమైన గిరాకీ పుట్టేది కంపెనీ నాణేన్నే కొన్నపుడు. 2021 ఫిబ్రవరిలో టెస్లా 150 కోట్ల డాలర్ల బిట్‌కాయిన్ కొన్నట్లు వెల్లడి కాగానే ధర 44 వేల డాలర్లు దాటింది. మే నెలలో కార్ల అమ్మకానికి బిట్‌కాయిన్ పుచ్చుకోవడం ఆపివేసినపుడు ధర విరిగింది. మరుసటి ఏడాది ఏప్రిల్ - జూన్ మధ్య టెస్లా తన నిల్వలో 75 శాతం అమ్మివేసింది. కొనుగోలు ధరను లేపినట్లే అమ్మకం ధరను దించుతుంది. 2024 జనవరిలో అమెరికాలో బిట్‌కాయిన్ ఇ.టి.ఎఫ్.లకు అనుమతి లభించిన తరువాత వచ్చిన పెరుగుదల కూడా నేరుగా నాణేల కొనుగోలు వల్ల వచ్చినదే. 2025 అక్టోబర్‌లో 1.25 లక్షల డాలర్లు దాటిన ధర నవంబర్‌లో తిరిగి 1 లక్షకు దిగువన పలికింది.

చిట్టా పట్టేది, పట్టలేనిది

సరుకుల వర్తకానికి చిట్టా ఎంతవరకు పనికివస్తుందో రెండు పాత ఉదంతాలు తెలుపుతాయి. 2014లో చైనాలోని కింగ్‌డావ్ రేవులో ఒకే లోహపు నిల్వపై పలు గిడ్డంగి రశీదులు పుట్టించి పలు బ్యాంకులలో అప్పులు తెచ్చిన మోసం బయటపడింది. బ్యాంకులన్నీ ఒకే చిట్టా చూస్తూ ఉంటే రెండవ తాకట్టు నాడే అది పట్టుబడేది.

రెండవది 2013 జూలైలో మన దేశంలో సుమారు 5,600 కోట్ల రూపాయల బకాయిలతో కుప్పకూలిన నేషనల్ స్పాట్ ఎక్స్‌చేంజి. అక్కడ లెక్కలలో చూపిన సరుకు గిడ్డంగులలో లేదు. లేని సరుకును ఉన్నదని వ్రాస్తే బ్లాక్‌చెయిన్ ఆ అబద్ధాన్ని చెరగకుండా భద్రపరుస్తుంది తప్ప గోడౌను తలుపు తీసి చూడదు. ముడి ఇనుములో ఇనుము శాతం, బొగ్గులో తేమ, రొయ్యల కౌంటు చూడవలసినది మనిషే.

దళారుల భవిష్యత్తుకు జవాబు ఇందులోనే ఉన్నది. ఒక బల్ల మీది కాగితాన్ని మరొక బల్లకు చేర్చడమే పనిగా ఉన్నవారికి రాబడి క్రమంగా తగ్గవచ్చు. ఇంగ్లండులో 2023 సెప్టెంబర్ నుంచి ఎలక్ట్రానిక్ వర్తక పత్రాలకు కాగితంతో సమానమైన చెల్లుబాటు కలిగింది. భారతదేశంలో 1856 నాటి బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. సరుకు చూసి మాట చెప్పగలవారికి, ఎవరికి ఎంత అరువు ఇవ్వవచ్చునో ఎరిగినవారికి, తగాదా వచ్చినపుడు మధ్యవర్తిగా నిలవగలవారికి మాత్రం పని పోదు. చిట్టాలో మొదటి పద్దు నిజమని చెప్పవలసినవారు వారే.

పన్నులు గుర్తుంచుకోవాలి

నాణేలు కొనదలచినవారు పన్నుల సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో బ్యాంకులకు విధించిన ఆంక్షలను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. దానితో కొనుగోలు నేరం కాదన్న ధైర్యం కలిగినది. కానీ 2022 ఏప్రిల్ 1 నుంచి లాభంపై 30 శాతం పన్ను, ఆ జూలై నుంచి అమ్మకపు సొమ్ముపై 1 శాతం టి.డి.ఎస్. అమలులోకి వచ్చినవి. కొన్న ధర తప్ప మరే ఖర్చూ మినహాయించరు.

నష్టం విషయం ఇంకా కఠినం. ఉదాహరణకు ఒక వర్తకునికి ఇనుప కడ్డీలలో 5 లక్షల లాభం, నాణేలలో 5 లక్షల నష్టం వచ్చినవనుకుంటే, కడ్డీల లాభం మొత్తంపై పన్ను కట్టవలసినదే. ఒక నాణెంలో 2 లక్షలు వచ్చి మరొక నాణెంలో 2 లక్షలు పోయినా, వచ్చిన దానిపై 60 వేల పన్ను, దానిపై సెస్సు తప్పవు. పోయినది మరుసటి సంవత్సరానికి తీసుకుపోవడానికి కూడా వీలులేదు. సరుకుల ఫార్వర్డు లెక్కలకు అలవాటుపడినవారు ఈ తేడా మరువరాదు.

మూడు ప్రశ్నలు

విశాఖలో 5 సంవత్సరాలలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబర్ 14న ప్రకటించింది. అది కంప్యూటర్ పనుల కేంద్రం. నాణేలతో దానికి సంబంధం లేదు. కానీ పెద్ద కంపెనీల పేర్లు ఊరిలో వినిపించే కొద్దీ వాటిని అడ్డుపెట్టుకుని నాణేలు అమ్మజూపేవారు కూడా రావచ్చు.

అటువంటి వార్త చెవిన పడినపుడు వర్తకులు మూడు విషయాలు విచారించుకోవాలి. ఆ కంపెనీ వాడబోయేది బహిరంగ చిట్టానా, సభ్యుల చిట్టానా? ఆ పనికి బజారులో దొరికే నాణెం కొనక తప్పదా? కంపెనీ తన సొంత సొమ్ముతో ఆ నాణేన్ని కొంటున్నదా, కేవలం పేరు మాత్రం చెప్పుకుంటున్నదా? మూడింటిలో ఒక్కదానికైనా సంతృప్తికరమైన సమాధానం లేనపుడు, ఆ వార్త చూసి నాణెం కొనడం సరుకు చూడకుండా గోనె సంచి మీది ముద్ర చూసి ధర కట్టడమే అవుతుంది.